ఎర్రగీత కలం

ముళ్ళపొదల్ని కత్తితో నరుక్కుంటూ, అడ్డం వచ్చిన ప్రతి కొమ్మనూ సారంగుడి మెడ అనుకుని ఒక వేటు ఎక్కువే వేస్తూ, శంఖగిరి యువరాజు ఉదయకేతుడు దారుకంఠుడి కొండ ఎక్కుతున్నాడు. తమాషా ఏమిటంటే, అతను ప్రాణాలకు తెగించి ఆ కొండ ఎక్కుతున్నది ఆ సారంగుణ్ణి కాపాడడానికే!

ఒంటి మీద పట్టుబట్టలు లేవు, తల మీద కిరీటం లేదు. మోకాళ్ళ పైకి కట్టిన ముతక పంచె, నెత్తిన తలగుడ్డ, భుజాన లక్కకడ్డీల బుట్ట. చూసినవాళ్ళు ఊరూరా లక్క అమ్ముకునే మనిషి అనుకోవాలి. వేషం బాగానే కుదిరింది గాని, మొహంలో ఆ మంట ఎక్కడ దాచుకుంటాడు పాపం?

ఆ మంట సంగతి తెలియాలంటే ముందు మేఘగిరి రాజ్యపు ఆచారం తెలియాలి. అక్కడ రాకుమార్తెలు వరుడి మెడలో పూలదండ వెయ్యరు. పెళ్ళాడ వచ్చిన రాకుమారులు తలా ఒక కలం సభలో పెట్టాలి. అది కొన్నది కాకూడదు, చేయించింది కాకూడదు. కర్రముక్కను రెండు మేకుల మధ్య బిగించి, దానికి చుట్టిన తాడును అటూ ఇటూ లాగి గిరగిరా తిప్పుతూ, ఉలి ఆనించి నున్నగా చెక్కే తరిమెన ఉంటుంది చూశారూ, దాని ముందు కూర్చుని స్వయంగా చేసినదై ఉండాలి. రాకుమార్తె వాటిలో ఒకటి ఎంచుకుని, సిరాలో ముంచి, పసుపు పట్టుగుడ్డ మీద తన పేరు రాస్తుంది. ఎవరి కలంతో రాస్తే వాడే ఆమె మొగుడు.

మేఘగిరి రాకుమారి ఇందీవరకు వరుణ్ణి చూస్తున్నారని చాటింపు వినగానే దేశదేశాల రాకుమారులు తలలు పట్టుకున్నారు. ఉదయకేతుడు మాత్రం ఎగిరి గంతేశాడు. చిన్నప్పుడు తండ్రి వెంట మేఘగిరి వెళ్ళి అక్కడ తరిమెన చూసిన నాటినుంచీ అతనికి అదే పిచ్చి. కత్తిసాము అయ్యాక తోటివాళ్ళు పాచికలాడుతుంటే ఇతను చెక్కపొట్టులో మునిగి తేలేవాడు. ఎర్రచందనం, దుప్పికొమ్ము, ఏనుగుదంతం, ఏది చేతికి దొరికినా కలమై బయటికి రావలసిందే. "వీణ్ణి ఇలాగే వదిలితే నా సింహాసనం కోళ్ళు కూడా ఊడబీకి కలాలు చేస్తాడు" అని రాజుగారు విసుక్కునేవారు.

అంతటివాడు, తన దంతపు కలాన్ని ముఖమల్ పెట్టెలో పెట్టుకుని మేఘగిరిలో అడుగుపెట్టి, ఉద్యానవనంలో ఇందీవరను చూశాడు. నల్ల కలువలాంటి పిల్ల. చూసి మురిసిపోయేలోపే ఆమె జడలో గుచ్చుకున్న కలం కంటబడింది.

చందనం కాదు, దంతం కాదు. పిల్లల బొమ్మలు చేసే వట్టి అంకుడు కర్ర! ఒళ్ళంతా పల్చటి పసుపు లక్క, నడుం చుట్టూ ఒక్క ఎర్రగీత. వెంట్రుకంత సన్నం. ఎక్కడా తెగలేదు, ఎక్కడా లావెక్కలేదు. తిరిగే కర్రకు లక్కకడ్డీ ఆనించి, ఆ రాపిడి వేడికే లక్కను కరిగించి అలాంటి గీత తియ్యాలంటే చేతిలో దేవుడుండాలి. ఆ గీత తను తియ్యలేడని ఉదయకేతుడికి తెలుసు. తెలుసు కాబట్టే కడుపులో కుంపటి రాజుకుంది.

"ఆ కలం ఎక్కడిది?" అని చెలికత్తెను అడిగాడు, అడక్కుండా ఉండలేక.

"సారంగుడి కొట్టునుంచి మొన్ననే వచ్చింది ప్రభూ! కోట రథాలకు చక్రాలు చేస్తాడే, ఆ కుర్రాడు. వచ్చిందగ్గర్నుంచీ మా రాకుమారిగారు దాన్ని జడలోంచి తియ్యరే!"

ఇంకేం కావాలి? ఆ పూట నుంచి ఉదయకేతుడికి అన్నం చేదు, నీళ్ళు చేదు. సారంగుడు పొడుగ్గా ఉంటాడట, నవ్వితే బుగ్గన సొట్ట పడుతుందట. సొట్ట పడితే ఏం, ఉలి పట్టే వేళ్ళు ఎలా ఉంటాయో చూడాలి అనుకున్నాడు. చూసేలోపే సారంగుడు మాయమైపోయాడు. కొట్టులో చెక్కపొట్టు మిగిలింది, మనిషి లేడు. ఊరందరికీ అర్థమైంది. మంచి కలం చేసే ప్రతివాణ్ణీ ఎత్తుకుపోయే మాంత్రికుడు దారుకంఠుడి పనే అది.

ఇందీవర సభ ఆపేసింది. ఉదయకేతుణ్ణి పిలిపించి, జడలోని ఎర్రగీత కలం తీసి, రెండు చేతులా అతని చేతిలో పెట్టింది.

"రాకుమారా, సారంగుణ్ణి తమరే తీసుకురావాలి. నేను సభలో చెప్పబోయే మాటకు అతనే సాక్షి. ఈ కలం దగ్గరుంచుకోండి. నాకు ప్రాణంతో సమానం. ఏం జరిగినా పోగొట్టవద్దు, తిరిగి తెచ్చి నాకే ఇవ్వండి."

'వాడి కలాన్ని నా చేత మోయిస్తోంది!' అనుకున్నాడు ఉదయకేతుడు. కలాన్ని సరిగ్గా చూడను కూడా చూడలేదు. చూస్తే ఆ గీత కనబడుతుందిగా! గుడ్డలో చుట్టి నడుములో దోపుకున్నాడు. "మాట ఇస్తున్నాను" అన్నాడు. రాజు బిడ్డ కదా, కడుపు ఎంత మండినా ఇచ్చిన మాట మాటే.

అలా బయల్దేరినవాడు ఇప్పుడు కొండ కొసకు చేరాడు.

గుహ వాకిట్లో కొయ్యసింహం కాపలా ఉంది. ఏనుగంత ఉంది. ఉదయకేతుణ్ణి చూడగానే నోరు తెరిచి భగ్గున మంట ఊదింది. అతను పక్కకు దొర్లి, బుట్టలోంచి దోసెడు లక్క తీసి తెరిచిన నోట్లోకి విసిరాడు. దాని ఊపిరి వేడికే ఆ లక్క కరిగి పళ్ళ సందుల్లోకి పాకింది. సింహం దవడలు మూసింది, మరి తెరుచుకోలేదు. "ఊఁ... ఊఁ..." అంటూ పంజాలతో మూతి గోక్కుంటుంటే యువరాజు దాని పొట్ట కిందనుంచి లోపలికి దూరిపోయాడు.

"లక్కండీ లక్క! ఎర్రలక్క, పచ్చలక్క, మేలురకం లక్క!"

"దా... లోపలికి దా..." అని తలుపు కిర్రుమన్నట్టు ఒక గొంతు పలికింది.

లోపల ఏం వైభవం! గుహ గోడలనిండా, పై కప్పునిండా కలాలే. పగడపు కలాలు, వైడూర్యం పొదిగిన కలాలు, నెమలికంఠం రంగు లక్క పూసినవి, వేణువులా ఊదితే పలికేవి, పాము కుబుసమంత తేలికైనవి. పైనున్న బిలంలోంచి పడే ఎండ వాటి మీద వాలి, ఇంద్రధనుస్సును పొడిచేసి చల్లినట్టు గుహంతా రంగులు ఒలికిపోతున్నాయి. నడుమ ఒక బ్రహ్మాండమైన తరిమెన. దానికి తాడు లేదు. తాడు స్థానంలో నీలిరంగు కొండచిలువ కర్రకు ఒక చుట్టు చుట్టుకుని, తల ఒక స్తంభానికీ తోక ఇంకో స్తంభానికీ పెనవేసి, అటూ ఇటూ జరుగుతూ కర్రను తిప్పుతోంది. ఒక మూల చితికి పేర్చినట్టు దుంగల గుట్ట.

తరిమెన ముందు దారుకంఠుడు కూర్చున్నాడు. గడ్డంనిండా చెక్కపొట్టు. గొంతు మాత్రం నిజంగానే కొయ్య.

"చూశావురా నా కలాలు? ముల్లోకాల్లో ఇలాంటివి ఎవడన్నా చెయ్యగలడా? చెప్పు, చెయ్యగలడా?"

"ఎవడి తరమూ కాదు సామీ!" అన్నాడు ఉదయకేతుడు. అంటూనే ఒక కలం వైపు చూసి, నిజమే అనుకుని, లోపల కుళ్ళుకున్నాడు. వాడు మాంత్రికుడైతే ఏం, రాక్షసుడైతే ఏం, పనిలో మించిపోతే ఇతనికి ఒళ్ళు మంటే.

"మరి ఎందుకురా జనం వాడి కలం బాగుంది, వీడి కలం బాగుంది అంటారు? అందుకే అలాంటి ప్రతివాడి కలమూ తెప్పిస్తాను. పిడికిట పట్టి మంత్రం ఊదుతాను. చేసినవాడు ఎక్కడున్నా సరే, ముందు వేళ్ళు కర్రవుతాయి, తర్వాత చేతులు, పొద్దుగుంకేసరికి గుండె. దుంగై గాల్లో తేలుతూ వచ్చి అదుగో, ఆ గుట్టలో పడతాడు. కలం నా పిడికిట్లో ఉన్నంతసేపూ వాణ్ణి బ్రహ్మదేవుడు కూడా ఆపలేడు." మాంత్రికుడు నవ్వి, ఉన్నట్టుండి అతని మణికట్టు దొరకబుచ్చుకున్నాడు. "లక్క అమ్ముకునేవాడి బొటనవేలికి ఉలి పట్టి కాచిన కాయ ఎలా వచ్చిందిరా?"

ఉదయకేతుడు చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. బుకాయించడానికి నోరు తెరిచేలోపే దారుకంఠుడు అతన్ని తరిమెన ముందు కూలేసి, గుట్టలోంచి ఒక దుంగ తెచ్చి మేకుల మధ్య బిగించాడు. దుంగ మీద ఒకచోట చిన్న సొట్ట ఉంది.

"ఇది కొత్త సరుకు. మేఘగిరిలో చక్రాలు చేసే సారంగుడట, వాడు చేసిన కలం ఒకటి సంపాదించాను. దీన్ని కలంగా చెయ్యి, నీ చెయ్యి చూడాలి. నాకంటే బాగా చేశావా, నువ్వూ ఆ గుట్టలోకే. బాగోలేదా, ఆ కలం నీదే, పట్టుకు పో. ఆషామాషీ కలం కాదు సుమా! ప్రాణమున్న కర్ర. ఏ పిల్ల దాంతో తన పేరు రాసినా, ఇచ్చినవాణ్ణి జన్మలో మరిచిపోలేదు."

అదీ మాట! ఉదయకేతుడి చేతిలో ఉలి, ఉలి ముందు సారంగుడు. మాంత్రికుడికంటే ఒక్క పిసరు తక్కువగా చేస్తే చాలు. ప్రాణం దక్కుతుంది, ఇందీవర దక్కుతుంది. వెళ్ళేసరికే ఆలస్యమైపోయిందని చెప్తే ఎవరు కాదంటారు? ఆ ఎర్రగీత గీసిన చేతులు మరి లోకంలో ఉండవు.

"తిప్పవే నీలీ!" అన్నాడు మాంత్రికుడు. కొండచిలువ కదిలింది. దుంగ గిర్రున తిరిగింది.

ఉలి ఆనింది. పొట్టు లేచింది. పొట్టుతోపాటు ఒక నెత్తుటి బొట్టు లేచి అతని చెంప మీద పడింది. వెచ్చగా ఉంది. లోపలినుంచి "అమ్మా!" అని సన్నగా వినపడింది.

అతను దుంగ వైపు వంగాడు. ఉలి ఎత్తవలసినప్పుడు ఎత్తలేదు.

తరిమెన మీద కర్ర ఒకసారి మనవైపు తిరుగుతుంది, మరుక్షణం వెనక్కి తిరుగుతుంది. మనవైపు వచ్చేటప్పుడే ఉలి ఆనించాలి, వెనక్కి పోయేటప్పుడు ఎత్తెయ్యాలి. ఎత్తకపోతే కర్రంతా అలలు అలలుగా గాట్లు పడతాయి. పనివాళ్ళు తిరుగుగాట్లని అసహ్యించుకునేది వాటినే. పలక పట్టిన పిల్లాడు మొదటి అక్షరం వంకరగా రాసినట్టు, తరిమెన పట్టిన ప్రతివాడూ మొదట చేసే తప్పు అది. ఉదయకేతుడూ చేశాడు. మేఘగిరిలో తొలి కలం నిండా ఆ గాట్లే పడితే తోటి రాజకుమారులు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఏడుపు ఆపుకోలేక దాన్ని తోటగోడ మీంచి విసిరేశాడు. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాడు, మళ్ళీ ఆ తప్పు చెయ్యనని. ఇన్నేళ్ళకు ఇప్పుడు చేశాడు.

చేసిన చోట కర్ర మెత్తబడింది. నెత్తుటి గాయం పూడుకుంది. వేలంత మేర చర్మం కనబడింది!

అతనికి చప్పున వెలిగింది. తరిమెన ముందుకు తిరిగితే మనిషిని కలం చేస్తుంది, వెనక్కి తిరిగితే కర్రను మనిషి చేస్తుంది. వెనక్కి తిరిగేటప్పుడు ఉలి పెట్టాలి, అంతే. కాని అలా చెయ్యాలంటే లోకంలోకెల్లా గొప్ప పనివాడి ముందు, లోకంలోకెల్లా చెత్త పని చెయ్యాలి.

ఒక్క క్షణం తటపటాయించాడు. తర్వాత పళ్ళు పటపటా కొరికాడు. 'ఒరే సారంగా, నిన్ను కలం చేసి గెలిస్తే నాకేం ఒరిగింది? నువ్వు గుడ్లప్పగించి చూస్తుండగా గెలవాలిరా నేను!'

ముందుకు తిరిగినప్పుడల్లా ఉలి ఎత్తాడు, వెనక్కి తిరిగినప్పుడల్లా దించాడు. గర్ర్... గర్ర్... గుహంతా ఆ దిక్కుమాలిన చప్పుడే. దారుకంఠుడు మొదట తెల్లబోయాడు. ఆ తర్వాత అతని మొహం పున్నమి చంద్రుడిలా విప్పారింది.

"ఇదా నీ పనితనం! తిరుగుగాట్లు! ఓరి నీ చెయ్యి విరగ! ఒకటి కాదు, ఒళ్ళంతా తిరుగుగాట్లే!" అని నేల మీద పడి దొర్లి దొర్లి నవ్వాడు. ఎదుటివాడి చేతకానితనం చూసిన ఆనందంలో కళ్ళనిండా నీళ్ళు కమ్మాయి, ఏదీ కనబడలేదు. ఆ నవ్వు ఉదయకేతుడికి కత్తిపోటుకంటే ఎక్కువే అనిపించింది. సిగ్గుతో చెవులు కాలిపోతున్నా ఉలి ఆపలేదు.

ఆఖరి గాటుకు మేకులు ఫట్టున ఊడాయి. సొట్ట బుగ్గల పొడుగాటి యువకుడొకడు తరిమెన మీంచి కింద పడ్డాడు.

ఒళ్ళంతా తడుముకుని సారంగుడు అన్న మొదటి మాట ఏమిటో తెలుసా? "ఎవడండీ ఈ తిరుగుగాట్లు పెట్టింది? ఒళ్ళంతా గరుకెక్కిపోయింది!"

ప్రాణం పోసినందుకు ఇదా బహుమానం! ఉదయకేతుడికి అరికాలి మంట నెత్తికెక్కింది. "శంఖగిరి యువరాజునురా! నచ్చకపోతే మళ్ళీ దుంగవైపో!" అని చెయ్యి పట్టి లేవదీశాడు.

"అయ్యో, ప్రభూ! తమరా! మన్నించాలి..." 

అప్పటికి దారుకంఠుడి నవ్వు ఆగిపోయింది. "నీలీ! పట్టు!" అని గుహ అదిరేలా అరిచాడు. కొండచిలువ స్తంభాలు వదిలి బుస్సున లేచింది. సారంగుడు తరిమెన కాలికి కొట్టిన చీలను ఒక్క తన్నుతో ఊడగొట్టాడు. బ్రహ్మాండమైన చట్రమంతా కూలి పాము నడుం మీద పడింది. అది తోక కొట్టుకుంటుంటే ఇద్దరూ వాకిలివైపు కాలికి బుద్ధి చెప్పారు. వాకిట్లో మంత్రదండం ఎత్తి దారుకంఠుడు! అడుగు ముందుకు వేస్తే బూడిదే.

ఉదయకేతుడి చెయ్యి నడుములోకి పోయింది. గుడ్డ ఊడింది, ఎర్రగీత ఎండలో తళుక్కుమంది.

"దారుకంఠా! ఇదుగో నీ తాతలు కూడా చెయ్యలేని కలం! ఆ గీత చూడు!"

అని గుహలో ఆ చివరికి గిరాటు వేశాడు. పట్టుకోకుండా ఎలా ఉంటాడు మాంత్రికుడు! మంత్రదండం జారవిడిచి కలం మీదికి ఉరికాడు. ఇద్దరూ బయటపడి, మూతి అంటుకున్న సింహాన్ని దాటి, కొండచరియ అంచు వెంట పరుగు లంకించుకున్నారు. వెనకనుంచి మాంత్రికుడి ఏడుపు వినపడింది.

"వాడిన కలం! ఎవరో ఏళ్ళ తరబడి పట్టుకు రాసి రాసి అరగదీసిన కలం! ఇన్ని చేశాను, నా కలం ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి ఎవరైనా పట్టుకున్నారా? దీన్ని చేసినవాడు బతకడానికి వీల్లేదు! ఓం హ్రీం..."

ఉదయకేతుడి కాళ్ళు ఆగిపోయాయి. మంత్రం! కలం చేసినవాడు మళ్ళీ కర్రవుతాడు! ఇంత చేసి తెచ్చిన మనిషిని తన చేత్తోనే పట్టి ఇచ్చేశాడు. విసిరేటప్పుడు ఆ సంగతి గుర్తులేదా? లేదని ఒట్టు వెయ్యలేడు. ఎక్కడో మనసు మూల గుర్తుంది, గుర్తుండే విసిరాడు. ఇందీవర రెండు చేతులా ఇచ్చిన కలం, మాట ఇచ్చి పుచ్చుకున్న కలం! సిగ్గుతో చచ్చిపోతూ సారంగుడి వైపు తిరిగాడు.

"సారంగా! నీ వేళ్ళు... నీ వేళ్ళు చూసుకో!"

"నా వేళ్ళకేమైంది ప్రభూ?" సారంగుడు పది వేళ్ళూ ఆడించి చూపించాడు. అంతలోనే అతని మొహం పాలిపోయింది. "ప్రభూ, తమ చెయ్యి!"

ఉదయకేతుడు చూసుకున్నాడు. గోళ్ళు తెల్లటి అంకుడు కర్రలా మారుతున్నాయి. వేళ్ళు మడవబోతే టక్కుమన్నాయి.

"ఇదేమిటి? కలం చేసింది నువ్వు కదరా!"

"నేనా? లేదు ప్రభూ! అది పగులిస్తే అతికి, పైన లక్క పూసి గీత గీశానంతే. లోపలి కర్ర నాది కాదు. రాకుమారిగారికి చిన్నప్పుడు తోట కొలనులో దొరికిందట. ఎవరో రాజుగారబ్బాయి ఏడ్చుకుంటూ గోడమీంచి విసరడం మేడమీంచి చూశారట. అప్పట్నుంచీ దాంతోనే రాస్తారు. ఒళ్ళంతా తిరుగుగాట్లే! నున్నగా చెక్కి ఇమ్మంటారా అంటే, ఒక్క గాటు చెరిగినా చేతులు నరికిస్తానన్నారు. సభలో ఆ కలంతోనే పేరు రాస్తారట. నిజంగా పాత కలమేనని సాక్ష్యం చెప్పమన్నారు."

ఉదయకేతుడు కొండ మీద నిలువునా నీరైపోయాడు. ఇన్నాళ్ళూ నిద్ర లేకుండా, తిండి సహించకుండా అతను ఎవరిని చూసి కుళ్ళుకున్నాడయ్యా అంటే, ఏడుపుమొహం పెట్టుకున్న ఆ చిన్నప్పటి తనను చూసే!

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేశాడు. కర్ర ఇప్పుడు మణికట్టుదాకా పాకింది. పడమటి కొండ మీదికి పొద్దు దిగుతోంది.

"సారంగా, నువ్వు మేఘగిరికి పరుగెత్తు. ఆగిన సభ మళ్ళీ జరగాలి. ఆ సాక్ష్యం చెప్పు."

"మరి తమరు ప్రభూ? పొద్దుగుంకితే..."

"నా కలం నేను తెచ్చుకోవద్దూ? ఆ గాట్లు చూసి వాడు దొర్లి దొర్లి నవ్వితే పిడికిలి సడలకపోదు. మాట ఇచ్చాను."

కత్తి పట్టడానికి వేళ్ళు లేవు. వడిసెల తిప్పడానికి చేతులు లేవు. ఉన్నవల్లా టకటకమనే రెండు కొయ్యముక్కలు. వాటినే ఒకదానికొకటి తాటించుకుంటూ, సింహాన్ని దాటి, నవ్వుతూ ఆ గుహలోకి తిరిగి దూరాడు.

"దారుకంఠా! నీ చేతిలోని కలం మీద తిరుగుగాట్లు పెట్టినవాణ్ణి నేనేరా!"